పిల్ల పచ్చగా ఉంది

ఫిబ్రవరి 4, 1986, మంగళవారం. క్రోసూరు

మందుల కంపెనీవాడు ఇచ్చిన డైరీ. అట్ట మీద ఆవు బొమ్మ. అది తెలుపూ కాదు, ఎరుపూ కాదు, మన దేశంలో పుట్టిందైతే కాదు. ఇంత మంచి డైరీ ఊరికే ఎందుకిచ్చాడో తెలియదు. పాత మందేదో అంటగట్టడానికే అయ్యుంటుంది. నెల రోజులు పెట్టెలో పడేసి ఇవాళ తీశాను. ఇల్లు ఖాళీగా ఉంది. కోటేశ్వరి పురిటికి మాచర్ల వెళ్లి రెండు నెలలైంది, మాట్లాడేవాళ్లు లేరు.

పొద్దున్నే అంకారావు మా పశువుల ఆసుపత్రి ముందు పంచాయితీ పెట్టాడు. వాళ్ల తెల్లావుకు నిరుడు చూలు కట్టడానికి నేనే సూది వేశాను. నిన్న ఈనింది. దూడకు ఒళ్లంతా నల్లమచ్చలు.

"ఏంది కాంపౌండరూ ఇది? తెల్లావు కడుపున సిరాబుడ్డి ఒలికినట్టు ఈ దూడేంది? ఊళ్లో తలెత్తుకోలేకపోతన్నా."

"దూడ పాలు తాగతందా?"

"తాగతంది. ఎగురతంది. రంగు సంగతి చెప్పవయ్యా."

చెప్పాను. రంగు తల్లినీ తండ్రినీ చూసే రాదు, ఏడు తరాల వెనక ఏ ముత్తవ్వ రంగో తోసుకుని రావచ్చు, రంగు చూసి తల్లిని శంకించడం తెలివితక్కువ పని అన్నాను. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. బాగా మాట్లాడాను. డాక్టరుగారు ఎప్పటిలాగే ఊళ్లో లేరు, ఉంటే ఆయనే మాట్లాడేవాడు.

ఫిబ్రవరి 7

టీ కొట్టువాడు పాలలో ఏదో కలుపుతున్నాడు. నీళ్లయితే నాకు తెలుస్తుంది. నీళ్లు కాదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

కార్డు వచ్చింది. ఆదివారం పొద్దున ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

పోస్టుమాన్ ముర్తుజా కార్డు తనే చదివేసి వీధి మొదట్లోనే కేకేశాడు. చదవకూడదు కదా అంటే, "మంచి కబురు మొయ్యాలంటే బరువన్నా, ఆగలేకపోయినా" అన్నాడు. పిప్పరమెంటు బిళ్లలు కొని ఆసుపత్రికి వచ్చిన వాళ్లందరికీ పంచాను. అంకారావుకు కూడా ఇచ్చాను.

వెంటనే పోదామనిపించింది. కానీ పురుడు. పదకొండో రోజు స్నానం అయ్యేదాకా పోయినా గడప అవతలే నిలబెడతారు. పంతొమ్మిదిన పోతాను.

పిల్ల ఎవరి రంగో? నా రంగు రాకూడదని మొక్కుకున్నాను. మా పెళ్లిలో ఫొటోలు తీసినవాడు నన్ను చూసి ఫ్లాషు రెండుసార్లు కొట్టాడు, అయినా ఫొటోలో పళ్లే పడ్డాయి. పుట్టినప్పుడు పిల్లలంతా ఎర్రగానే ఉంటారు. మా అమ్మ పసిపిల్లల చెవి అంచు చూసి అసలు రంగు చెప్పేది. మొహం మారుతుంది, చెవి అంచు మారదు అనేది. ఆమె చెప్పింది ఎన్నడూ తప్పలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

రెండో కార్డు. మామగారు వీరయ్య చేతిరాత. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"చిరంజీవి బసవయ్యకు ఆశీర్వచనములు. ఇక్కడ కోటేశ్వరి బాగానే ఉన్నది. పిల్ల పచ్చగా ఉన్నది. కళ్లు కూడా పచ్చగా ఉన్నవి. పొద్దున పూట ఎండలో పడుకోబెడుతున్నాము. చూసినవాళ్లు తలా ఒక మాట అంటున్నారు. నెహెమ్యా మాస్టారు మాకు చానా ఆసరాగా ఉన్నారు. మీరు వెంటనే వచ్చి చూసుకుంటే మంచిది."

పచ్చగా ఉన్నది.

నేను నలుపు. కోటేశ్వరి చామనఛాయ. పచ్చన ఎక్కణ్ణుంచి వచ్చింది? దబ్బపండులా ఉందని మురిసిపోతూ రాశాడు పెద్దమనిషి. సరే, అదైనా సరిపెట్టుకుంటాను. కళ్లు కూడా పచ్చగా ఉన్నవట. పిల్లికళ్లన్నమాట. మా వంశంలో మా ఇంటి పిల్లికి తప్ప ఎవరికీ పిల్లికళ్లు లేవు. వాళ్ల వంశంలోనూ లేవు. పెళ్లి పందిట్లో రెండు వైపుల వాళ్లనూ వరసగా చూసినవాణ్ణి నేను.

మాచర్లలో నాకు తెలిసిన పిల్లికళ్లు ఒకే ఒక్క జత. అవి మా మామగారి ముందు గదిలో అద్దెకుంటాయి.

నెహెమ్యా మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెబుతాడు. పచ్చటి మనిషి, పెళ్లాం లేదు. దసరాకు పోయినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి జంతువుల రంగుల మీద పాఠం చెప్పాడు. ఏ జంతువుకూ రంగు వట్టినే రాదట. దాక్కోవడానికో, బెదిరించడానికో, మోసం చేయడానికో వస్తుందట. మోసం అన్నప్పుడు నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు. అప్పుడు నచ్చిందని ఎక్కడైనా అన్నానేమో గుర్తులేదు.

"చానా ఆసరాగా ఉన్నారు." మామగారికి నాలుగు వాక్యాలు రాయడమే బద్ధకం. అందులో ఒకటి ఈయన కోసం ఖర్చు పెట్టాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

సెలవు. వంట చేయలేదు. రంగుల గురించి ఆలోచించాను.

గేదె నలుపు. దాని మొగుడు నలుపు. దాని దూడ నలుపు. గేదెల్లో కాపురాలు చెడకపోవడానికి కారణం ఇదే, దేవుడు ఆలోచించి చేశాడు.

కొంగ తెలుపు. పొద్దస్తమానం బురదలో తిరిగి మరక లేకుండా ఇంటికిపోయే దాన్ని నేను నమ్మను.

చిలక ఆకుల్లో దాక్కోవడానికి పచ్చగా ఉంటుందని మాస్టారు చెప్పాడు. మరి ముక్కు ఎందుకెర్రన అంటే తడుముకున్నాడు. ఎంత దాక్కున్నా ఎక్కడో ఒకచోట దొరకాలి కదా, అందుకు. ఇది నా మాట.

గాడిద రంగుకు కారణం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. దాని అదృష్టం.

కాకి సంగతి వేరు. కాకి నల్లన కాబట్టి దానికి నిశ్చింత అనుకున్నాను. కానీ కోయిల కూడా నల్లనే. ఎందుకు నల్లన? కాకి గూట్లో గుడ్డు పెట్టి పోవడానికి. అంటే ఆ నలుపు అందం కోసం వచ్చింది కాదు, కాకిని ఏమార్చడానికి వచ్చింది. కాకి పాపం ఎండనపడి పురుగులేరుకొచ్చి ఆ పిల్లను మేపుతుంది. నోరు తెరిచి కూసేదాకా దానికి తెలియదు. ఊరందరికీ తెలుస్తుంది, దానికి తప్ప.

మాస్టారే ఇది కూడా చెప్పాడు. ఎంత ధైర్యం.

పదకొండింటికి ఒక సంగతి తట్టింది. పిల్లను ఎండలో పడుకోబెడుతున్నారని రాశారు. పసిగుడ్డును ఎండలో ఎందుకు పెడతారు? నేను పోయేలోపు నల్లబరచడానికి. నా రంగుకు తేవడానికి! అప్పడాలు ఎండబెట్టినట్టు పిల్లను ఎండబెడుతున్నారు. ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట.

అంకారావు దూడ సంగతి వేరు. అది దూడ.

ఫిబ్రవరి 17, సోమవారం

ఉత్తరం రాశాను. నాలుగు కాగితాలు చింపి అయిదోది ఉంచాను.

"మీ అమ్మాయినీ పిల్లనూ మీ దగ్గరే ఉంచుకోండి. కారణం మీకు తెలుసు. బారసాలకు నేను రాను. నాకు కోటప్పకొండ తిరునాళ్ల డ్యూటీ వేశారు."

డ్యూటీ ఇంకా వేయలేదు. వేస్తారు. శివరాత్రికి ప్రభల బండ్ల ఎద్దులు దెబ్బలు తగిలించుకుంటాయి, ఎవరో ఒకరు పోవాలి కదా.

సాయంత్రం డబ్బాలో వేశాను. వేసింతర్వాత డబ్బా మూతి కాసేపు పట్టుకుని నిలబడ్డాను. కోటేశ్వరి ఇంట్లో ఉంటే ఈ వేళకు దీపం పెట్టి, నా చొక్కా వాసన చూసి, ఇవాళ గేదెలా ఆవులా అని అడిగేది. ఎప్పుడూ సరిగ్గా చెప్పేది కూడా. ఏడుపు వచ్చింది. ఎందుకు రావాలి?

ఫిబ్రవరి 18, మంగళవారం. పెదకూరపాడు స్టేషను

బండి రావడానికి ఇంకా గంట ఉంది. చేతులు ఊరుకోవడం లేదు, రాస్తున్నాను.

పొద్దున హజ్రా బీ తన సంకర ఆవును తోలుకొచ్చింది. ముసలామె. నాలుగిళ్ల అవతల ఆ ఒక్క ఆవు మీదే బతుకుతుంది.

"మేత ముట్టటం లేదు నాయనా. కళ్లు పచ్చగా ఉన్నయ్."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు రోజులాయె."

కింది రెప్ప లాగి చూశాను. పసుపు పూసినట్టుంది. ఒంటికి పట్టిన గోమార్లు కుట్టి వచ్చే జ్వరం, కామెర్లలోకి దిగింది. నాకు ఒళ్లు మండింది.

"కళ్లు పచ్చగా ఉంటే నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని కూచుంటావా? చూడంగానే పరిగెత్తుకు రావద్దా? కళ్లు పచ్చబడ్డయ్యంటే ఏందో తెలవదా నీకు?"

"నాకేం తెలుసు నాయనా. నేనేమన్నా చదువుకున్నదాన్నా? నీకైతే తెలుసు."

నా వేళ్లు ఆవు రెప్ప మీదే ఉన్నాయి. తీయడానికి రాలేదు. కళ్లు కూడా పచ్చగా ఉన్నవి. పొద్దున పూట ఎండలో పడుకోబెడుతున్నాము. వెంటనే వచ్చి చూసుకుంటే మంచిది.

పదేళ్లుగా రోజుకు పది పశువులకు రెప్ప లాగి చూస్తున్నాను. కన్ను పచ్చబడిందా అని నోరు తెరిచి అడుగుతున్నాను.

ఆవుకు సూది వేశాను. ఎలా వేశానో తెలియదు, మందు సరిగ్గానే ఎక్కింది. హజ్రా బీ "ఎటు చూస్తన్నావు నాయనా, టీ తాగలా?" అంది.

పోస్టాఫీసుకు పరిగెత్తాను. ముర్తుజా సంచీ కడుతున్నాడు. నిన్న వేసిన ఉత్తరం తీసివ్వమన్నాను.

"ఇయ్యకూడదన్నా. డబ్బాలో పడ్డంక సర్కారుది."

"ముర్తుజా, నా పిల్లకు కామెర్లు."

నా మొహం చూశాడు. కట్ట విప్పి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, అటు తిరిగి గోడకున్న కేలండరు చూస్తూ నిలబడ్డాడు. "నేను చూళ్లేదు, నువ్వు తియ్యలేదు. బండి ఒంటిగంటకు. పో."

ఫిబ్రవరి 19. గుంటూరు

నిన్న మాచర్లలో దిగేసరికి ఇంటికి తాళం. పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసి, "అయ్యో, ఇప్పుడా రావటం? ఆదివారం గుంటూరు పెద్దాసుపత్రికి తీసకపోయారు. పిల్ల పాలు మానేసింది. నీకు రాశారంటగా" అంది.

పొద్దున్నే తిరుగు బండి ఎక్కాను. ఆదివారం వాళ్లెక్కిన బండి కూడా ఇదే. పెదకూరపాడు స్టేషన్లో అయిదు నిమిషాలు ఆగుతుంది. క్రోసూరు నుంచి బస్సెక్కితే ఆ స్టేషను ఎంతో దూరం లేదు. వాళ్లు అక్కడ ఆగిన వేళకు నేను అప్పడాల గురించి ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

పిల్ల బతికింది. ముందు ఇది రాయాలి. గండం గడిచిందన్నారు.

నేను పోయేసరికి అద్దాల పెట్టెలో నీలం లైటు కింద పడుకోబెట్టి ఉంది. కళ్లకు గుడ్డ కట్టారు. ఆ వెలుగులో పచ్చనా నలుపా ఏదీ తెలియడం లేదు, నీలంగా ఉంది. నా అరచెయ్యంత ఉంది. నర్సు చెయ్యి పెట్టనిచ్చింది. చెవి దగ్గర గుడ్డ బిగిసినట్టు కనపడితే కాస్త సర్దాను. అంతే.

కోటేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుంది. నా చేతినే చూసింది.

బయట బెంచీ మీద నెహెమ్యా మాస్టారు. స్కూలుకు సెలవు పెట్టి నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడట. చొక్కా మాసిపోయింది. "వచ్చారా. కూర్చోండి, ఇడ్లీ ఉంది, తినండి" అన్నాడు. పిల్లికళ్ల కింద నల్లగా వలయాలు. తిన్నాను. ఏం తిన్నానో తెలియలేదు.

పిల్లకు రక్తం మార్చాల్సి వచ్చిందట. ముందు తండ్రి ఏడని అడిగారట. తండ్రి లేడు. మామగారిది పడలేదు, మాస్టారిది పడింది. నేను అనుమానించిన నాడు ఆయనకూ నా పిల్లకూ ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు ఉంది. నేను రాకపోవడం వల్ల వచ్చింది.

మాస్టారు లేచి వెళ్లాక అత్తగారు రామాయమ్మ అడిగింది. "ఆ జబ్బు పేరు పురిటింట్లో అనకూడదు, రాయకూడదని నేనే అన్నా అల్లుడూ. అందుకని పచ్చగా ఉందని రాయించా. మీరు పశువుల డాక్టరు కదా, ఇట్టే పోలుస్తారనుకున్నా. కార్డు అందలా?"

అందలేదండీ అన్నాను.

వెంటనే అన్నాను. ఆలోచించనైనా లేదు.

ఆమె పోస్టుమాన్‌ను తిట్టడం మొదలుపెట్టింది. వాడి చేతులు పడిపోను అంది. మామగారు పై ఆఫీసుకు కంప్లయింటు పెడతానన్నాడు.

ఫిబ్రవరి 21

కంప్లయింటు నన్నే రాయమన్నారు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందట.

ఫిబ్రవరి 22

పెన్నులో సిరా లేదన్నాను. పెన్ను నిండా సిరా ఉంది. మామగారు కిందికి పోయి కొత్త పెన్ను కొనుక్కొచ్చాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పిల్లను లైటు కింద నుంచి తీసి తల్లి పక్కలో వేశారు. చెవి అంచే కాదు, మొహం కూడా నా రంగే. కాస్త కూడా తేడా లేదు. వారం క్రితం ఇది తెలిస్తే ఎగిరి గంతేసేవాణ్ణి.

ముర్తుజా గుర్తొస్తున్నాడు. కేలండరు చూస్తూ నిలబడ్డ వీపు గుర్తొస్తోంది. ఆ ఉద్యోగం మీద ఆరుగురు బతుకుతున్నారు. మధ్యాహ్నం అత్తమామలు భోజనానికి పోయినప్పుడు కోటేశ్వరితో చెప్పాను.

"కార్డు అందింది. శనివారమే అందింది."

"తెలుసు."

"ఎట్టా?"

"మీరు రాంగానే పిల్ల మొహం చూళ్లేదు. ఊపిరాడతందో లేదో చూళ్లేదు. గుడ్డ తొలగించి చెవి అంచు చూశారు. కార్డు చదవని మనిషికి చెవి చూసే పనేంది?"

ఆమె పిల్ల వైపు తిరిగి పడుకుంది. గోడవైపు నుంచే అడిగింది.

"కళ్లు పచ్చగా అంటే ఎవరి కళ్లనుకున్నారు?"

ఆమె రెండోసారి అడగలేదు. బయట వరండాలో మాస్టారు ఎవరికో టీ పోస్తున్న చప్పుడు వినపడుతోంది.

సాయంత్రం డాక్టరు వచ్చి పిల్లను చూసి, "అంతా బానే ఉంది. చెవులు మాత్రం చూసుకోవాలి" అన్నాడు. చెవులెందుకు అన్నాను. ఇంత ఎక్కిన కామెర్లకు ఒక్కోసారి వినికిడి పోతుందట. మూడు నెలలు దాటితేగాని తెలియదట. రెండు రోజులు ముందు తెచ్చుంటే ఈ భయమే ఉండేది కాదేమో అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

మామగారితో కూడా చెప్పాను. కార్డు అందింది, తప్పుగా చదివాను, పోస్టుమాన్ తప్పేమీ లేదు అన్నాను. ఆయన కొత్త పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "నాలుగు ముక్కలు రాస్తే నాలుగూ తప్పు చదివినావా" అన్నాడు. మొట్టమొదటిసారి నన్ను నువ్వు అన్నాడు.

మార్చి 1

బారసాల. నీల అని పెట్టింది కోటేశ్వరి. నన్ను అడగలేదు. మంచి పేరు.

మే 18, ఆదివారం. క్రోసూరు

అయిదో నెలలో రావలసిన మనిషి మూడో నెల దాటగానే పిల్లనెత్తుకుని వచ్చేసింది. నా మీద ప్రేమ కాదు. "చెవులు చూసే పని మీది. మీ ఇంట్లోనే మీరే చూసుకోండి" అని వాళ్ల నాన్నతో చెప్పి పంపింది, నాతో చెప్పలేదు. నాతో మాట్లాడడం లేదు. అన్నీ పిల్లతోనే చెబుతుంది. మీ నాయన్ని అన్నం తినమనమ్మా. మీ నాయన చొక్కా విప్పితే ఉతుకుతామమ్మా.

పది రోజులుగా పిల్ల వెనక నిలబడి చిటికెలు వేస్తున్నాను. ఆవులను పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేస్తున్నాను. పళ్లెం మోగించాను. ఒకసారి తిరిగినట్టుంటుంది, మరోసారి ఉండదు. ఈగను చూసి తిరిగిందేమో అనిపిస్తుంది. ఇదివరకు ఊరందరినీ అనుమానించాను, ఇప్పుడు ఈగల్ని అనుమానిస్తున్నాను.

ఇవాళ పొద్దున నేను ఏ చప్పుడూ చేయలేదు. పిల్ల మంచం మీద గోడవైపు మొహం పెట్టి పడుకుని ఉంది. వీధిలో హజ్రా బీ ఆవును మేతకు తోలుకుపోతోంది. ఆ ఆవు బతికింది, ఇప్పుడు పూటకు నాలుగు లీటర్లు ఇస్తోంది. దాని మెడలో చిన్న గంట. గంట మోగింది. పిల్ల మెడ తిప్పింది. వీధి కనపడదు, ఆవు కనపడదు, చప్పుడొక్కటే. ఆవు ముందుకు పోయిన కొద్దీ తల అటే తిప్పుతోంది.

కోటేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఒకేసారి మంచం దగ్గరికొచ్చాం. ఆమె పిల్లను భుజాన వేసుకుని, కళ్లు తుడుచుకుని, నాకు వినపడేటట్టు పిల్లతో అంది.

"నీకు పచ్చ దిగిందమ్మా. చెవులు కూడా ఆడతన్నయ్. ఇంక మీ నాయన కళ్లకే దిగాల."

దగ్గరికి పోయి, పశువులకు చూసినట్టే, నా కింది రెప్ప వేలితో కిందికి లాగి పట్టుకుని నిలబడ్డాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని, వంగి, నిజంగానే చూసింది. అటు కన్ను చూసింది, ఇటు కన్ను చూసింది.

"ఇంకా కొంచెం ఉంది" అంది.

పిల్లతో కాదు. నాతోనే.